ఫుకెట్ నుంచి తెరచాప పడవలో పడమటికి: బయల్దేరే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు దాటిందంటే అవే సందేహాలు మళ్ళీ మొదలవుతాయి. అడిగేవాళ్ళలో సింగపూర్, కౌలాలంపూర్‌లలో ఉద్యోగాలు చేసుకుంటూ సెయిలింగ్ నేర్చుకున్న మనవాళ్ళు ఎక్కువ. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో వచ్చి ఎవరి పడవలోనైనా క్రూగా ఎక్కాలనుకునేవాళ్ళూ ఉన్నారు. పడవ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఉంది, అక్కణ్ణుంచి శ్రీలంకకో అండమాన్‌కో వెళ్ళాలి, ఏమేం చూసుకోవాలి అన్నదే అందరి ప్రశ్న. 10 నుంచి 13 మీటర్ల పడవ, ఇద్దరి నుంచి నలుగురి దాకా మనుషులు అనుకుని ఈ జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఫీజులు, వీసా గడువులు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి ఆ అంకెల జోలికి పోలేదు. అవి కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోవలసినవే.

## ఎప్పుడు, ఎటు

ఏ నెలలో బయల్దేరితే మంచిది?

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అప్పటికి ఈశాన్య గాలి కుదురుకుంటుంది. మామూలుగా 10 నుంచి 20 నాట్ల (నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు) మధ్య వీస్తుంది, వానలు తక్కువ. నవంబరులోనే గాలి తిరుగుతుంది నిజమే గానీ బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం కూడా అదే. 2016లో వార్దా తుపాను డిసెంబరు మొదటి వారంలో అండమాన్ దగ్గరే బలపడింది. హావ్‌లాక్ దీవిలో పర్యాటకులు చిక్కుకుపోయారు. అదే తుపాను డిసెంబరు 12న చెన్నై దగ్గర తీరం దాటింది. మన కోస్తా వాళ్ళకి ఈ క్యాలెండర్ వేరే చెప్పక్కర్లేదు. మార్చి దాటితే గాలి సన్నబడి సగం దారి ఇంజిన్ మీదే పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మళ్ళీ తుపాన్లు. ఆ తర్వాత నైరుతి గాలి ముఖానికి ఎదురు కొడుతుంది.

శ్రీలంక రేవు గాలేకి ఎన్ని రోజులు పడుతుంది? అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కి ఎన్ని రోజులు?

ఫుకెట్ నుంచి శ్రీలంకలోని గాలేకి సుమారు 1,100 నాటికల్ మైళ్ళు (ఒక్కోటి దాదాపు 1.85 కిలోమీటర్లు). రోజుకి 120 మైళ్ళ లెక్కన 9 రోజులు, గాలి మొరాయిస్తే 12. పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) 400 మైళ్ళ పైచిలుకు, అంటే 3 నుంచి 4 రోజులు. దూరం తక్కువ కదా అని పోర్ట్ బ్లెయిర్ దారి సులువనుకోకండి. అటు వెళ్ళేటప్పుడు గాలి, అల రెండూ కుడిపక్క నుంచి కొడతాయి, పడవ రోజంతా పక్కకి ఒరిగే ఉంటుంది. గాలే దారిలో గాలి వెనక పక్కన పడుతుంది. రోజులు ఎక్కువైనా ఒంటికి హాయి. కొత్తవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేనైతే ఆ పొడుగు దారికే ఓటేస్తాను.

బయల్దేరే తేదీ ఖాయం చేసుకుని ఫ్లైట్ టికెట్లు బుక్ చేసుకోవచ్చా?

ఫుకెట్ వచ్చే టికెట్ బుక్ చేసుకోండి, ప్రయాణం అయ్యాక ఇంటికి పోయే టికెట్ తేదీ ఖాయం చేసుకోవద్దు. ఈ ప్రయాణంలో జరిగే పొరపాట్లలో పెద్ద వాటా తేదీది. పదో తారీఖుకి ఆఫీసులో ఉండాలి అని ఒకరు అనగానే విరిగిన పిన్ను మార్చకుండా, మబ్బు చూడకుండా పడవ కదులుతుంది. తేదీకి బదులు రెండు షరతులు పెట్టుకోండి. పని జాబితాలో "రేవులో ఉండగా మాత్రమే చేయగలిగినవి" అన్న పేజీ ఖాళీ అవ్వాలి. రాబోయే నాలుగైదు రోజులకి వాతావరణం బాగుండాలి. రెండూ కుదిరిన రోజే మంచి రోజు. ముహూర్తం చూసుకునే అలవాటున్నవాళ్ళు ఆ రెండు కుదిరాక చూసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

శ్రీలంక నుంచి ఎర్ర సముద్రం మీదుగా యూరప్ వెళ్ళే ఆలోచన ఉంది. కుదురుతుందా?

2023 నవంబరులో ఓడల మీద యెమెన్ హూతీల దాడులు మొదలయ్యాక ఆ దారి చిన్న పడవలకి అడిగే దారి కాదు. ఇన్సూరెన్స్ వాళ్ళే ఒప్పుకోరు. చాలామంది దక్షిణాఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్నారు, కొందరు పడవని ఓడమీదికి ఎక్కించి పంపిస్తున్నారు. దక్షిణాఫ్రికా దారైతే సీజన్లు, సరుకులు, తెరచాపలు అన్నీ వేరే లెక్క. ఫుకెట్ వదలకముందే ఆ నిర్ణయం తీసుకోవాలి.

## పడవ పని

పడవని నీళ్ళలోంచి బయటికి తీయించాలా?

అడుగున రంగు వేసి ఏడాది దాటితే తీయించండి. ఇక్కడి గోరువెచ్చని నీళ్ళలో, ముఖ్యంగా చలోంగ్ బే లాంటి బురద నీళ్ళలో, కొన్ని వారాలు కదలకుండా ఉన్నా గవ్వచిప్పలు పేరుకుంటాయి. అడుగు గరుకుగా ఉంటే వేగం ఒక నాటు పడిపోతుంది. అంటే 1,100 మైళ్ళకి దాదాపు రెండు రోజులు అదనం. పైకి తీసినప్పుడు ప్రొపెల్లర్, షాఫ్ట్ దగ్గరి జింక్ ముక్కలు (మిగతా లోహానికి బదులు తాము తినేయబడేవి), నీళ్ళు లోపలికి తీసుకునే వాల్వులు, చుక్కాని బేరింగు అన్నీ ఒకేసారి చూసుకోవచ్చు. ప్రతి వాల్వునీ తెరిచి మూసి చూడండి. బిగుసుకుపోయిన వాల్వు సమయానికి మూతపడదు. దాని సైజుకి సరిపోయే చెక్క బిరడా ఒకటి తాడుతో అక్కడే కట్టి ఉంచండి.

అంత పని అక్కర్లేదనుకుంటే బయల్దేరే వారంలో ఎవరినైనా దింపి ప్రొపెల్లరూ అడుగూ గీకించండి. బోట్ లగూన్ లాంటి మెరీనాల్లో కాలువ లోతు తక్కువ, పోటు మీదే రాకపోకలు. పడవని తీయించే రోజు పంచాంగంలో పెద్ద పోటు వచ్చే పౌర్ణమి, అమావాస్యలు చూసి పెట్టుకుంటే యార్డు వాళ్ళతో వాదన తగ్గుతుంది.

మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) ఎక్కి ఏం చూడాలి? ఎక్కాలంటే భయం, ఎవరినైనా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఫుకెట్‌లో రిగ్గర్లు (మాస్ట్, దాని తీగల పని చేసేవాళ్ళు) దొరుకుతారు. కానీ ప్రతి జాయింట్‌నీ ఫోనుతో దగ్గర్నుంచి ఫొటో తీసి తెమ్మనండి, కిందికొచ్చాక పెద్ద చేసి మీరే చూడండి. మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీలు తీగలో సాధారణంగా 19 పోగులుంటాయి. తీగ లోహపు గొట్టంలోకి దూరే చోట, గొట్టం అంచు దగ్గర, ఒక పోగు తెగి మీసంలా బయటికి పొడుచుకొస్తుంది. కంటికి కనబడకపోవచ్చు. దూది ముక్క తీసుకుని తీగ వెంబడి పై నుంచి కిందికి రాయండి, తెగిన చోట దూది చిక్కుకుంటుంది. ఒక్క పోగు తెగినా తీగ మార్చాల్సిందే. పద్దెనిమిది బాగానే ఉన్నాయిగా అన్న వాదన పనికిరాదు, ఎందుకంటే మిగతావీ అదే వయసువి, అదే బరువు మోసినవి.

గొట్టం మీద సన్నని నిలువు పగులు, తుప్పు చార, పెద్ద పిన్ను జారిపోకుండా గుచ్చి వంచిన సన్నటి కాటర్ పిన్ను సరిగా ఉందా లేదా అన్నవీ చూడాలి. మాస్ట్ నిలబడటం ఆ కాటర్ పిన్ను మీదే ఆధారపడి ఉంటుంది. దాని ఖరీదు ఒక టీ డబ్బులంత. రిగ్గింగ్ (మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలన్నీ) వయసు పదేళ్ళు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి, అది అతి జాగ్రత్తేమీ కాదు.

తెరచాపలు కొత్తవి కొనాలా, కుట్టిస్తే చాలా?

గుడ్డ కంటే ముందు దారం పోతుంది. ఎండ తగిలే అంచు దగ్గర కుట్టుని బొటనవేలి గోరుతో గట్టిగా గీకండి. దారం పొడిలా రాలితే మొత్తం మళ్ళీ కుట్టించాలి. ఆ పని ఫుకెట్‌లో చేయించుకోవడమే తెలివి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెయిలింగ్ రజతం గెలిచిన ఆస్ట్రేలియన్ రోలీ టాస్కర్ తన తెరచాపల కర్మాగారం పెట్టింది ఈ ఊళ్ళోనే. కాబట్టి పనివాళ్ళకి కొదవలేదు. సీజన్‌లో మాత్రం వరసలో నిలబడాలి. నవంబరులో ఇస్తే జనవరికి చేతికొస్తుంది అనుకుని మొదలుపెట్టండి.

ఇంజిన్ బాగానే స్టార్టవుతోంది. ఇంకేం చూడాలి?

స్టార్టవడం పరీక్ష కాదు. బే బయటికి తీసుకెళ్ళి గంటసేపు బరువు మీద నడపండి. ఉష్ణోగ్రత, పొగ రంగు, వెనక నుంచి పడే నీళ్ళ ధార, షాఫ్ట్ దగ్గర చుక్కలు గమనించండి. నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ మార్చేయండి, పాతది బాగుంటే స్పేరుగా పెట్టుకోండి. ఇంపెల్లర్ మార్చడం రేవులో ఒకసారి మీ చేత్తో మీరే చేయండి. ఊగుతున్న పడవలో, టార్చి నోట్లో పెట్టుకుని మొదటిసారి నేర్చుకునే పని కాదది.

డీజిల్ విషయం వేరే చెప్పాలి. థాయ్‌లాండ్‌లో బంకుల్లో దొరికే డీజిల్‌లో పామాయిల్ నుంచి తీసిన బయోడీజిల్ కలుపుతారు. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున నీళ్ళు చేరితే అందులో నల్లటి జిగురులాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. రేవులో ట్యాంకు కదలదు కాబట్టి అది అడుగునే పడి ఉంటుంది. బయట మొదటి పెద్ద అలకి కదిలి ఫిల్టర్లోకి వస్తుంది, సరిగ్గా ఇంజిన్ అవసరమైన గంటలో. బయల్దేరే ముందు ట్యాంకు అడుగు నుంచి ఒక సీసాడు తీసి వెలుతురులో పెట్టి చూడండి. మసగ్గా ఉన్నా అడుగున నీటి గీత కనబడినా ట్యాంకు శుభ్రం చేయించండి. ఎలాగైనా నాలుగైదు స్పేర్ ఫిల్టర్లు వెంట ఉండాలి.

చుక్కాని, ఆటోపైలట్ గురించి ఎంత పట్టించుకోవాలి?

అన్నిటికంటే ఎక్కువ. ఆటోపైలట్ పోతే ఇద్దరు మనుషులు వంతులేసుకుని తొమ్మిది రోజులు చక్రం పట్టుకోవాలి. చుక్కానే పోతే చెప్పేదేముంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి ప్రపంచం చుట్టొచ్చిన నౌకాదళం వారి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రాన్ని దాటిన ఆ పడవ కూడా, ఆఖరి అంచెలో స్టీరింగ్ ఇబ్బంది పెట్టడంతో, అనుకోకుండా మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. కొత్త పడవ, శిక్షణ పొందిన సిబ్బంది, అయినా అంతే.

చక్రం వెనకున్న పెట్టె విప్పి స్టీరింగ్ తీగలు, కప్పీలు, బోల్టులు చూడండి. అత్యవసరానికి చుక్కాని కడ్డీకి తగిలించే విడి పిడి ఉంటుంది కదా, దాన్ని నిజంగా తగిలించి పది నిమిషాలు నడపండి. చాలా పడవల్లో అది తగిలిస్తే వెనక తలుపుకో చక్రానికో తగులుతుంది. ఆ సంగతి రేవులోనే తెలియాలి.

బ్యాటరీలు సరిపోతాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక రాత్రి లంగరు మీద ఉండి అన్నీ వేసి చూడండి: ఆటోపైలట్, ఫ్రిజ్, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల పేరు, చోటు చూపించే పరికరం), దీపాలు, ప్లాటర్ (చార్టు చూపించే తెర), ఫోన్ ఛార్జర్లు. సాయంత్రం ఆరింటికి ఎంత, పొద్దున్న ఆరింటికి ఎంత రాసుకోండి. ఆటోపైలట్ లంగరు మీద తక్కువ తాగుతుంది, అలల్లో ఎక్కువ, కాబట్టి ఆ అంకెకి కొంచెం కలపండి. మామూలు 12 మీటర్ల పడవకి రోజుకి 100 నుంచి 150 యాంపియర్ అవర్లు ఖర్చవడం వింతేమీ కాదు. లోటు కనబడితే ముందు ఆపాల్సింది ఫ్రిజ్.

స్పేర్లు ఎన్ని పెట్టుకోవాలి? అన్నీ కొంటే పడవ మునిగేలా ఉంది.

పోతే పడవ ఆగిపోయేవి, సముద్రంలో మీ చేత్తో మార్చగలిగేవి, ఈ రెండూ కలిసినవే కొనండి. ఇంపెల్లర్లు, బెల్టులు, ఫిల్టర్లు, ఇంజిన్ ఆయిలు, బిల్జ్ (పడవ అడుగున నీళ్ళు చేరే చోటు) పంపు, ఫ్యూజులు, కాటర్ పిన్నులు, షాకిల్స్ (తాళ్ళు, గొలుసులు కలిపే లోహపు కొక్కేలు), అతి పొడుగు స్టేకి (మాస్ట్‌ని పట్టి ఉంచే తీగకి) సరిపోయే తాడు లేదా తీగ, బోల్టులు కోసే కట్టర్. ఆల్టర్నేటర్ ఒకటి ఉంటే మంచిదే. ఇంజెక్టర్లు వదిలేయండి.

## భద్రత, కబుర్లు

లైఫ్‌రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే రబ్బరు తెప్ప) సర్వీసు గడువు మూడు నెలల క్రితం అయిపోయింది. పర్వాలేదా?

సర్వీసు చేయించండి. రాఫ్టూ ఫ్లేర్లూ (ఆపదలో వెలిగించే సంకేతాలు) విమానంలో తెప్పించుకోవడం మహా తలనొప్పి, కాబట్టి ఫుకెట్‌లో దొరికేటప్పుడే పని అవగొట్టాలి. దానితోపాటు 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం) బ్యాటరీ గడువు, దాని రిజిస్ట్రేషన్ చూడండి. సెకండ్ హ్యాండ్ పడవ అయితే ఈపర్బ్ పాత యజమాని పేరు మీదే ఉండిపోవడం చాలా మామూలు. మీరు మీట నొక్కితే సహాయక కేంద్రం వాళ్ళు ఫోను చేసేది ఆయన ఇంటికి. పడవ ఏ దేశం జెండా మీద ఉందో ఆ దేశపు రిజిస్ట్రీలో పేరు, ఇంటి దగ్గర ఎత్తే ఫోన్ నంబరు మార్పించండి. భారత తీర రక్షక దళం సహాయక నంబరు 1554 అని ఇంట్లోవాళ్ళకి రాసిచ్చి వెళ్ళండి.

శాటిలైట్ ఫోను తీసుకెళ్ళొచ్చా? గార్మిన్ ఇన్‌రీచ్ (ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే పరికరం) అయితే ఫోను కాదు కదా?

శ్రీలంక దాకానే అయితే అక్కడి ఏజెంటుని అడిగి తీసుకెళ్ళండి. భారత జలాల్లోకి వెళ్ళేట్టయితే బాగా ఆలోచించండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు ఉంచుకోవడం నేరం. థురాయా, ఇరిడియం పేర్లు ప్రత్యేకంగా చెబుతారు. ఇన్‌రీచ్ కూడా ఇరిడియం మీదే పనిచేస్తుంది, "మెసేజీలు మాత్రమే" అన్న వివరణ చెల్లదు. దాన్ని బ్యాగులో పెట్టుకుని ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడ్డ విదేశీయుల వార్తలు మీరు చూసే ఉంటారు. అండమాన్ వెళ్ళే పడవ యజమాని ముందే రాసి అనుమతి అడగాలి, లేదా ఆ పరికరం లేకుండా వెళ్ళాలి. దాచిపెట్టి వెళ్దాం అనే కెప్టెన్ పడవ ఎక్కకండి, మీది భారత పాస్‌పోర్టయితే అసలే ఎక్కకండి.

నాకు బస్సులోనే కడుపులో తిప్పుతుంది. ఏం చేయాలి?

మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, బయల్దేరే ముందు రాత్రి నుంచే. మన దగ్గర ఘాట్ రోడ్డు ప్రయాణాలకి వేసుకునే అవోమిన్ పనిచేస్తుంది గానీ మత్తుగా ఉంటుంది, కాపలా డ్యూటీ ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. సినారిజిన్ చాలామంది నావికులకి పడుతుంది. ఏది పడుతుందో డాక్టర్ని అడిగి, ఒడ్డున ఉండగానే ఒకసారి వేసుకుని చూడండి. మామూలుగా రెండు మూడు రోజుల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది. ఆ రెండు రోజులు వంటగదిలోకీ ఇంజిన్ గదిలోకీ పోకుండా ఉండగలిగేలా పనులు పంచుకోండి.

## నీళ్ళు, సరుకులు

తాగేనీళ్ళు ఎన్ని లీటర్లు?

తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు. గాలే ప్రయాణానికి 15 రోజుల లెక్క వేయండి: నలుగురికి 240 లీటర్లు. అందులో కనీసం మూడోవంతు విడి క్యాన్లలో ఉండాలి. ట్యాంకు లీకైనా, ఉప్పునీరు కలిసినా ఆ క్యాన్లే దిక్కు. వాటర్‌మేకర్ (ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం) ఉందని ఈ లెక్క తగ్గించకండి. స్నానం సముద్రపు నీళ్ళతో, ఆఖర్న ఒక చెంబు మంచినీళ్ళు.

మన వంట కుదురుతుందా? ఏం కొనాలి?

కుదరడమేంటి, పడవకి మన వంటే సరిగ్గా అమరింది. మూత బిగిసే ప్రెషర్ కుక్కర్ పడిపోయినా లోపలిది ఒలకదు, గ్యాసూ మిగులుతుంది. బియ్యం, పచ్చిమిర్చి, చింతపండు, కొత్తిమీర, కొబ్బరి, బెండకాయలు థాయ్ బజారులోనే దొరుకుతాయి. కందిపప్పు, ఆవాలు, మినపప్పు కోసం భారతీయ కొట్లు వెతకాలి, లేదా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఊరగాయ, కందిపొడి, కారప్పొడి గాజు సీసాల్లో వద్దు.

మొదటి రెండు రోజులకి వంట పెట్టుకోకండి. బయల్దేరే తెల్లవారుజామున పులిహోర కలిపేయండి, మర్నాటి దాకా ఫ్రిజ్ లేకుండా నిలుస్తుంది. కడుపు తిప్పేవాళ్ళకి పెరుగన్నం తప్ప ఏదీ దిగదు. పెరుగు ఆ వేడికి చక్కగా తోడుకుంటుంది, రోజూ చెంచాడు మిగల్చడం మాత్రం మర్చిపోవద్దు. ఇడ్లీ పిండి తెచ్చుకున్నవాళ్ళు మాత్రం ఆ ఊపుకి డబ్బా మూత ఎగిరిన కథలే చెబుతారు.

అట్టపెట్టెలు పడవలోకి రానివ్వకండి, బొద్దింక గుడ్లు వాటి మడతల్లోనే వస్తాయి. ఒడ్డునే విప్పి సరుకు మాత్రం లోపలికి. గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టనివి కొనండి, బయట ఎక్కువ రోజులు నిలుస్తాయి. టమాటాలు పచ్చివి, దోరవి కలిపి తీసుకోండి. అరటి గెల వేలాడదీయడం ఫొటోకి బావుంటుంది గానీ కాయలన్నీ ఒకే రోజు పండుతాయి.

గ్యాసు సిలిండర్ నింపుతారా?

థాయ్ సిలిండర్ల మూతి, మీ పడవలో ఉన్న యూరోపియన్ లేదా ఆస్ట్రేలియన్ సిలిండర్ మూతి ఒకటి కాదు. అడాప్టర్ ఉన్న కొట్టు వెతికి, వారం ముందే ఇవ్వాలి. రెండు సిలిండర్లు తప్పనిసరి.

## కాగితాలు

క్లియరెన్స్ (దేశం వదిలి వెళ్ళే అనుమతి) ఎక్కడ? ఏ కాగితాలు కావాలి?

చలోంగ్ పియర్ దగ్గర ఇమిగ్రేషన్, కస్టమ్స్, హార్బర్ మాస్టర్ ఒకే భవనంలో ఉంటారు. పడవ రిజిస్ట్రేషన్ అసలు, ఇన్సూరెన్స్, థాయ్‌లాండ్‌లోకి వచ్చినప్పుడు ఇచ్చిన కాగితాలు, అందరి పాస్‌పోర్టులు, క్రూ లిస్టు నకళ్ళు అరడజను తీసుకెళ్ళండి. పడవ పేరుతో రబ్బరు స్టాంపు చేయించుకుంటే పని చకచకా జరుగుతుంది, ఈ ప్రాంతమంతా గుండ్రటి ముద్రకున్న మర్యాద సంతకానికి లేదు. నిక్కర్లు, బనియన్లతో కాకుండా చొక్కా వేసుకుని వెళ్ళండి.

చివర్లో చేతికొచ్చే పోర్ట్ క్లియరెన్స్‌లో తర్వాతి రేవు పేరు రాస్తారు. గాలే అని రాయించుకుని పోర్ట్ బ్లెయిర్‌లో తేలితే అక్కడ జవాబు చెప్పుకోవాలి. పేరు, తేదీ, పడవ నంబరు అక్కడే నిలబడి చదువుకోండి. సెలవు రోజుల్లో పని దొరికినా అదనపు రుసుము అడగొచ్చు.

విమానంలో ఫుకెట్ వచ్చి క్రూగా ఎక్కుతున్నాను. రిటర్న్ టికెట్ లేకపోతే ఎయిర్‌లైన్ ఆపుతుందా?

ఆపొచ్చు. చెక్-ఇన్ కౌంటర్‌లో వెనక్కి ఎలా వెళ్తున్నారు అని అడుగుతారు. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మీ పాస్‌పోర్టు నంబరు, ఎక్కడికి సముద్ర మార్గంలో వెళ్తున్నారో రాసిన కెప్టెన్ ఉత్తరం, పడవ రిజిస్ట్రేషన్ నకలు దగ్గర పెట్టుకోండి. దాంతోపాటు డబ్బు వెనక్కొచ్చే టికెట్ ఒకటి ఉంటే ఇంకా నిశ్చింత. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు ముందే ఆన్‌లైన్‌లో నింపాలి. దిగాక మీ పేరు పడవ క్రూ లిస్టులోకి ఎక్కాలి, అది ఆఖరి రోజు దాకా వాయిదా వేయకండి. శ్రీలంకకి ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) కూడా ఇంటి దగ్గరే తీసుకోవడం మేలు.

స్టాంపు పడ్డాక సిమిలాన్ దీవుల్లో రెండు రోజులు ఆగొచ్చా?

లేదు. ఎగ్జిట్ స్టాంపు పడిన క్షణం నుంచి లెక్క ప్రకారం మీరు దేశంలో లేరు. సిమిలాన్ పోర్ట్ బ్లెయిర్ దారికి దగ్గర్లోనే ఉంటుంది, నీళ్ళు అద్దంలా ఉంటాయి, మనసు లాగుతుంది. చూడాలనుంటే క్లియరెన్స్‌కి ముందే వెళ్ళి చూసి చలోంగ్ రండి. పడవని ఒకసారి పరీక్షించినట్టూ ఉంటుంది. మరమ్మతులు, సరుకులు, డీజిల్, స్నేహితులకి వీడ్కోళ్ళు అన్నీ స్టాంపుకి ముందే అయిపోవాలి. స్టాంపు తర్వాత మిగలాల్సిన పని లంగరు ఎత్తడం ఒక్కటే.

అండమాన్ వెళ్ళాలంటే ప్రత్యేకంగా ఏం కావాలి?

ఓపిక. పడవలో విదేశీయులుంటే వాళ్ళకి వీసా ఎంబసీ నుంచి ముందే తీసుకోవడం క్షేమం. సముద్ర మార్గంలో వచ్చేవాళ్ళకి ఈ-వీసా అన్ని రేవుల్లో చెల్లదు. తిరగబోయే చోట్ల జాబితా ముందే ఇవ్వాలి, రోజూ ఎక్కడున్నారో తెలియజేయాలి. నికోబార్ దీవులు విదేశీయులకి మూసే ఉంటాయి, తుపానులో తప్ప అక్కడ లంగరు వేసే ఆలోచన పెట్టుకోకండి. నార్త్ సెంటినెల్ దీవికి 5 నాటికల్ మైళ్ళ లోపుకి వెళ్ళడం నిషేధం. ఏజెంటుని పెట్టుకుంటే డబ్బులు పోతాయి, రోజులు మిగులుతాయి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక మాత్రం భాష ఇబ్బంది ఉండదు. శ్రీకాకుళం, విశాఖల నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ బోలెడు, బజారులో తెలుగు వినబడుతూనే ఉంటుంది.

## బయల్దేరే రోజు, మొదటి రాత్రి

ఏ టైముకి లంగరు ఎత్తాలి?

తెల్లవారగానే. ద్వీపం చుట్టుపక్కల వలలు, బుయ్యలు, టూరిస్టు స్పీడ్ బోట్లు కళ్ళతో చూస్తూ దాటాలి. చీకటిపడేసరికి 50 మైళ్ళ అవతల ఉంటే సగం బెడద తప్పినట్టే. డింగీని (ఒడ్డుకి వెళ్ళే చిన్న రబ్బరు పడవని) తాడు కట్టి వెనక లాక్కుపోవద్దు, గాలి తీసి లోపల పెట్టండి లేదా డెక్ మీద బోర్లించి కట్టండి. లంగరు రెండు చోట్ల కట్టాలి. గొలుసు లోపలికి దిగే రంధ్రం మూయాలి, లేకపోతే అలలన్నీ ఆ దారినే లోపలికొస్తాయి. ద్వీపం కొండల చాటున గాలి లేదనిపించి తెరచాప మొత్తం విప్పుతారు. కొండ దాటిన నిమిషంలో 20 నాట్లు తగులుతుంది. ముందే కుదించి పెట్టుకోండి.

మొదటి రాత్రి కాపలా ఎలా? ఓడలు ఎక్కువుంటాయా?

మూడేసి గంటల వంతులు చాలామందికి సరిపోతాయి. డెక్ మీదికొచ్చే ప్రతివాళ్ళూ హార్నెస్ (పడవకి కట్టి ఉంచే పట్టీ) తగిలించుకోవాల్సిందే, కెప్టెన్‌తో సహా. మొదటి రోజు గంటకోసారి బిల్జ్ తెరిచి చూడండి. రేవులో కారని చోట పడవ ఒరిగినప్పుడు కారుతుంది.

చీకటి పడ్డాక దిగంతాన ఆకుపచ్చ వెలుగు కనబడితే కంగారొద్దు, అవి కణవ చేపల (స్క్విడ్) కోసం దీపాలు వేసిన థాయ్ పడవలు. వాటికి దూరంగా పోండి. గాలే వెళ్ళేవాళ్ళు మామూలుగా గ్రేట్ నికోబార్‌కీ సుమత్రాకీ మధ్య నుంచి దాటుతారు. మలక్కా జలసంధి నుంచి శ్రీలంక దక్షిణ కొస డోండ్రా వైపు పోయే పెద్ద ఓడలన్నీ అదే సందులోంచి వెళ్తాయి. వాటి దారిలో నడవకుండా ఒక పక్కకి ఉండి, అడ్డంగా దాటాల్సొస్తే పగటిపూట దాటండి. ఏఐఎస్‌లో ఓడ పేరు కనబడుతుంది కాబట్టి అనుమానం వస్తే వీహెచ్‌ఎఫ్ (పడవ రేడియో) 16వ ఛానెల్‌లో పేరు పెట్టి పిలవండి, పలుకుతారు. శ్రీలంక దగ్గరపడ్డాక ఏఐఎస్ లేని చేపల పడవలే ఎక్కువ, అక్కడ కళ్ళే ఆధారం.

గాలి లేదు, సముద్రం ప్రశాంతంగా ఉంది, ఉన్నట్టుండి ఒక పట్టీలో నీళ్ళు ఉడికినట్టయ్యాయి. రాళ్ళున్నాయా?

చార్టు చూసుకోండి, కానీ దాదాపుగా రాళ్ళు కావు. అండమాన్ సముద్రం దీనికి పేరుమోసింది. పైనున్న వెచ్చటి నీటికీ కిందున్న చల్లటి నీటికీ మధ్య పొరలో పెద్ద పెద్ద అలలు నడుస్తుంటాయి. నీళ్ళ అడుగున గట్ల మీదుగా ఆటుపోట్లు పోయినప్పుడు అవి పుడతాయి. పైకి మాత్రం చెరువులో చేపలకి మేత చల్లినప్పుడులా కుతకుతలాడే పొడవాటి పట్టీలు కనబడతాయి. రాత్రిపూట ముందు హోరు వినిపిస్తుంది, తర్వాత పడవ నాలుగైదు నిమిషాలు కుదుపుతుంది, మళ్ళీ అంతా నిమ్మళం. కాసేపటికి ఇంకో పట్టీ. పొయ్యి మీద గిన్నె ఉంటే పట్టుకోండి.

బయల్దేరాక రెండో రోజు ఏదైనా విరిగితే వెనక్కి రావచ్చా? స్టాంపు పడిపోయింది కదా?

రావచ్చు. దెబ్బతిన్న పడవకి దగ్గరి రేవులోకి రావడం ప్రపంచమంతా ఒప్పుకున్న హక్కు. నికోబార్ దగ్గర పడినా, ప్రాణాపాయం లేనంతవరకు, మరమ్మతు దొరికే చోటు ఫుకెట్టే. దగ్గరికొస్తూ వీహెచ్‌ఎఫ్‌లో విషయం చెప్పండి, పసుపు జెండా (ఎంట్రీ పని ఇంకా కాలేదన్న గుర్తు) ఎగరేయండి, కెప్టెన్ తప్ప ఎవరూ ఒడ్డు దిగకండి. విరిగిన భాగం ఫొటోలు, లాగ్ బుక్‌లో టైముతో రాసిన నాలుగు లైన్లు చూపిస్తే చలోంగ్ కౌంటర్‌లో మాట సులువవుతుంది. మళ్ళీ ఎంట్రీ, మళ్ళీ ఎగ్జిట్, మళ్ళీ రుసుములు తప్పవు. క్రూ లిస్టు నకళ్ళు ఇంకో అరడజను ఫైల్లో ఉంచుకోండి.